ఓడ ఎక్కేముందు ఆ చక్రాలు తీసేయండి

పోయిన డిసెంబర్ సెలవుల్లో మేము టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి అయిదు రాత్రుల క్రూయిజ్‌కి వెళ్ళాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ మా అబ్బాయి, విశాఖ నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ. రెండో రోజు సాయంత్రం, ఓడలో షాపులన్నీ వరసగా ఉండే పొడవాటి నడవాలో మావాడు ఒక పెద్దావిడని గుద్దేశాడు. ఆవిడ పడిపోయింది. ఎడమచేతి మణికట్టు విరిగింది. అప్పుడు వాడి కాళ్ళకి చక్రాల బూట్లు ఉన్నాయి. వాటిని కొన్నది నేను. వద్దని అమ్మ చెబుతున్నా సూట్‌కేసులో సర్దిందీ నేనే.

ఈ సంగతి ఇన్నాళ్ళూ దగ్గరివాళ్ళకి తప్ప చెప్పలేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. డాలస్ ఉత్తరాన మేముండే చోట తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే మూడు కుటుంబాలు క్రూయిజ్ బుక్ చేసుకున్నామని పెట్టాయి. పిల్లలకి ఏమేం సర్దాలి అని ఒకావిడ అడిగింది. సన్‌స్క్రీన్, వాంతుల మాత్రలు, రెండు జతల ఈత బట్టలు అంటూ జవాబులు వచ్చాయి. వాటి మధ్యలో ఒకరు, రోలర్ షూస్ ఉంటే పట్టుకెళ్ళండి, పెద్ద ఓడ కదా, పిల్లలు నడవలేక విసిగించరు అని రాశారు. ఏడుగురు లైక్ కొట్టారు. పోయినేడాది అయితే నేనూ కొట్టేదాన్ని.

చక్రాల బూట్లు చూడనివాళ్ళ కోసం చెబుతాను. పైకి అవి మామూలు స్పోర్ట్స్ షూలే. మడమ కింద చిన్న గుంత, అందులో ఒక చక్రం. పాదం ముందుభాగం మీద బరువు వేస్తే అందరిలాగే నడవొచ్చు. నాలుగడుగులు పరుగెత్తి, ఒక కాలు ముందు ఒక కాలు వెనక పెట్టి, వేళ్ళు పైకెత్తి బరువంతా మడమల మీదికి తెస్తే సర్రున జారిపోతారు. ఆగాలంటే మడమ వెనక అంచుని నేలకి రాయాలి. బ్రేకంటూ ఉన్నది అదొక్కటే. ఇండియాలో బటన్ నొక్కితే చక్రాలు బయటికి వచ్చేవి, అడుగు వేస్తే రంగురంగుల లైట్లు వెలిగేవి దొరుకుతున్నాయి. మావాడివి లైట్లు లేనివి, నల్లవి. పుట్టినరోజుకి అడిగాడు, కొన్నాను. ఇంటి ముందు సైడ్‌వాక్ మీద రెండు నెలలు నేర్చుకున్నాడు. బాగానే వచ్చింది. వాడు అలా తేలిపోతూ ఉంటే చూడ్డానికి నాకు ముచ్చటగా ఉండేది. ఆ ముచ్చట అబద్ధమని ఇప్పుడు కూడా అనలేను.

సర్దుతున్న రోజు అమ్మ మంచం అంచున కూర్చుని బట్టలు మడతపెడుతోంది. మా నాన్న విశాఖ పోర్టులో పనిచేశారు. ఓడల కబుర్లు వింటూ నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. ఆ బూట్లు చూసి, "ఓడలో నేలే కదులుతుంది కదే, మళ్ళీ కాళ్ళకి చక్రాలెందుకు?" అంది. "ఇది నాన్న చెప్పిన ఓడల్లాంటిది కాదమ్మా, ఊరంత ఉంటుంది, కదులుతున్నట్టే తెలీదు" అన్నాను. అమ్మ ఇంకేం మాట్లాడలేదు.

మొదటి రోజంతా బూట్లు తీయలేదు. ఓడంతా కొత్త, వాడికి తిరగడమే సరిపోయింది. రెండో రోజంతా సముద్రం మీదే. ఆ సాయంత్రం అందరూ సూట్లూ గౌన్లూ వేసుకుని భోజనానికి ముందు ఫొటోలు దిగుతారు. గదుల ముందు వరండాల్లో, లిఫ్టుల దగ్గర అంతా కార్పెట్. కార్పెట్ మీద ఆ చక్రాలు కదలవు. ఓడలో నున్నటి నేల ఉండేది షాపుల నడవాలో, బఫే హాల్లో, ఈతకొలను చుట్టూ. ఒకచోట జనం నిలబడి కబుర్లు చెప్పుకుంటారు, ఇంకోచోట వేడి కాఫీ పట్టుకుని ఖాళీ బల్ల కోసం వెతుకుతుంటారు, మూడోచోట తడికాళ్ళతో నడుస్తారు. చక్రాలు దొర్లేది సరిగ్గా ఈ మూడు చోట్లే అన్న ఆలోచన నాకు ముందు రాలేదు.

వాడు నా పక్కనే నడుస్తున్నాడు. నిజంగా నడుస్తున్నాడు, చేయి కూడా పట్టుకున్నాడు. నడవా అవతలి నుంచి కిడ్స్ క్లబ్‌లో పరిచయమైన పిల్లాడెవడో పేరు పెట్టి పిలిచాడు. చేయి వదిలించుకుని రెండడుగులు పరుగెత్తి జారాడు. జనం మధ్యలో సందు ఉంది. ఆ సందులోకి ఒకావిడ వెనక్కి రెండడుగులు వేసింది. చేతిలో ఫోను, ఎదురుగా భర్త. ఆయన నిలువెత్తుగా ఫొటోలో పట్టాలని వెనక్కి జరిగింది. మావాడు మడమ నేలకి రాశాడు. నేను చూశాను, వాడు ఆగాలని నిజంగా ప్రయత్నించాడు. భుజం వెళ్ళి ఆవిడ నడుముకి తగిలింది. ఆవిడ ఎడమచెయ్యి నేలకి ఆనించి పడింది. వీడు వెల్లకిలా పడ్డాడు. పెద్ద ఇత్తడి పూలకుండీ అంచు వాడి తలకి జానెడు దూరంలో ఉంది.

ఓడలో వైద్యశాల కింది అంతస్తులో ఉంటుంది. ఎక్స్‌రే తీశారు. మణికట్టు దగ్గర ఎముక విరిగి పక్కకి జరిగింది. నర్సు అన్నిటికంటే ముందు చేసిన పని, వాపు పెరగకముందే వేళ్ళకున్న ఉంగరాలు తీయడం. పెళ్ళి ఉంగరం రాలేదు. సబ్బు రాశారు, దారం చుట్టి లాగారు, రాలేదు. చివరికి చిన్న రంపంలాంటి పనిముట్టుతో కోసి తీశారు. పెళ్ళయి 50 ఏళ్ళయిందని పిల్లలు ఆ దంపతులని ఈ ప్రయాణానికి పంపించారట. ఈ మాట ఆవిడ భర్త మమ్మల్ని ఎత్తిపొడవడానికి చెప్పలేదు. ఉంగరం ఎప్పటిదని నర్సు అడిగితే చెప్పాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. గదికి వచ్చి అమ్మకి చెబితే, ఆవిడ అడిగిన మొదటి మాట, "ఆ ముక్కలు జాగ్రత్తగా చేతికిచ్చారా?" అని.

కట్టు కట్టి, ఎముక సరిగ్గా కూర్చోబెట్టాలంటే ఒడ్డున ఎముకల డాక్టరే చూడాలన్నారు. ఓడ ఎంత పెద్దదైనా అక్కడున్న వైద్యశాల అంతవరకే. మర్నాడు మెక్సికోలోని కోజుమెల్‌లో దిగి ఆసుపత్రికి వెళ్ళారు. మేం చూడాలనుకున్న చోటికి మేమూ వెళ్ళలేదు. ఓడలో వైద్యం ఉచితం కాదు, ఖర్చు ఎవరిది వాళ్ళ గది ఖాతాలో పడుతుంది. మా ఆయన వెళ్ళి ఆ బిల్లు మా ఖాతాలో వేయమని అడిగాడు. ఆవిడ భర్త మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నాడు. మిగతా మూడు రాత్రులూ డైనింగ్ హాల్లో వాళ్ళ బల్ల మాకు కనిపించేది. ఆయన తన భోజనం పక్కనపెట్టి, ఆవిడ పళ్ళెంలోది ముక్కలుగా కోసి ఇచ్చేవాడు. మావాడు ఆ తర్వాత ఆ నడవాలో అడుగు పెట్టలేదు. భోజనానికి రావాలన్నా పై అంతస్తు మీదుగా చుట్టు తిరిగి మెట్లు దిగి వచ్చేవాడు.

సెక్యూరిటీ ఆయన ఆ రాత్రే వచ్చి బూట్లు తీసుకుని, చీటీ కట్టి, దిగే రోజు ఇస్తామన్నాడు. కోప్పడలేదు. తేకూడని వస్తువుల జాబితాలో ఇవి ఉన్నాయి, చెక్ఇన్ చేసినప్పుడు మీరు ఒప్పుకున్నారు అన్నాడు. నిజమే, ఆన్‌లైన్‌లో ఆ గడిలో టిక్ పెట్టాను. చదవలేదు. తర్వాత తీరిగ్గా వేరే కంపెనీల నియమాలు కూడా చదివాను. చక్రాల బూట్లు ఎక్కడ కనిపించినా స్కేట్‌బోర్డు, స్కూటర్, హోవర్‌బోర్డు ఉన్న వరసలోనే కనిపించాయి. పిల్లలు చేసిన నష్టానికి తల్లిదండ్రులదే బాధ్యత అని కూడా ఇలాంటి టికెట్ ఒప్పందాల్లో ఉంటుంది.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచి.

స్కేట్‌బోర్డు మీద వచ్చేవాడు దూరం నుంచే కనిపిస్తాడు. చప్పుడవుతుంది. సైకిల్‌కి బెల్లు ఉంటుంది. వీల్‌చెయిర్ వస్తే ఎంత వెడల్పో, ఎటు తిరుగుతుందో అందరికీ తెలుస్తుంది, జరుగుతారు. చక్రాల బూట్లలో ఉన్న పిల్లాడు ఎదుటివాళ్ళకి నడిచే పిల్లాడిలాగే కనిపిస్తాడు. నడిచే పిల్లాడు ఎంత వేగంగా వస్తాడో, ఎక్కడ ఆగుతాడో మనందరి ఒంటికీ అలవాటైన లెక్క ఒకటి ఉంటుంది. ఆ లెక్క ప్రకారమే మనం పక్కకి జరుగుతాం, వెనక్కి అడుగేస్తాం. ఈ బూట్లు ఆ లెక్కని తప్పిస్తాయి, ముందుగా ఎవరికీ తెలియనివ్వకుండా తప్పిస్తాయి. నా చేయి పట్టుకున్న పిల్లాడు రెండు సెకన్లలో వాహనమైపోయాడు. కన్నతల్లిని, పక్కనే ఉన్నదాన్ని, నాకే తెలియలేదు. అటు తిరిగి ఉన్న ఆవిడకి ఎలా తెలుస్తుంది?

పిల్లలు మామూలు బూట్లతో పరుగెత్తి గుద్దరా అని మా గ్రూపులో ఒకాయన అడిగారు. గుద్దుతారు. కాని పరుగెత్తే పిల్లాడు పాదం మొత్తం నేలకి ఆనించి ఒకటి రెండు అడుగుల్లో ఆగగలడు, ఆగలేకపోతే పక్కకి తప్పుకోగలడు. జారే పిల్లాడి రెండు కాళ్ళూ ఒకే గీత మీద ఉంటాయి, నేలకి తగిలేది రెండు చక్రాలే. పక్కకి తిరగాలంటే కష్టం, ఆగాలంటే దూరం కావాలి. బరువంతా మడమ మీద ఉంటుంది కనక తూకం తప్పితే వెనక్కే పడతాడు. అప్పుడు చేతులు తమంతట తామే నేలని వెతుక్కుంటాయి.

ఈ బూట్లకీ నేనున్న ఊరికీ సంబంధం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. వీటిలో అందరికంటే పేరున్న హీలీస్ కంపెనీ పుట్టింది మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న కారల్టన్‌లో, 2000లో. కొరియన్ దుకాణాల్లో కూరలకని నెలకి రెండుసార్లు వెళ్ళే ఊరే. కనిపెట్టిన రోజర్ ఆడమ్స్ వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో పెరిగాడు. వాళ్ళ కుటుంబానికి రోలర్ స్కేటింగ్ రింక్ ఉండేది. 1998లో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్‌లో పిల్లలు స్కేటింగ్ చేస్తుంటే చూసి, ఒక జత రన్నింగ్ షూల మడమని వేడి కత్తితో కోసి చక్రం పెట్టాడని చెబుతారు. 2006 డిసెంబర్‌లో కంపెనీ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. ఆ ఏడాదీ తర్వాతి ఏడాదీ అమెరికాలో, బ్రిటన్‌లో పిల్లలకి ఇదే పిచ్చి. స్కూళ్ళు, షాపింగ్ మాల్స్ ఒకదాని వెనక ఒకటి వద్దని బోర్డులు పెట్టాయి. 2013లో కంపెనీ చేతులు మారింది. రింక్ చుట్టూ కట్టిన గోడల మధ్య పెరిగిన మనిషే చక్రాన్ని ఆ గోడ దాటించాడు అన్నది చదివినప్పుడు నా మనసులో పడిపోయింది. నా ఫిర్యాదంతా ఆ గోడ గురించే.

రింక్‌లో చక్రం ఉన్న అందరూ ఒకే వైపు తిరుగుతారు. కొత్తవాళ్ళు అంచు పట్టుకుని నడుస్తారు. నడిచేవాళ్ళు లోపలికి రారు. లోపలికి వచ్చినవాడు పడొచ్చని తెలిసే వస్తాడు. రెండేళ్ళ కిందట విశాఖ వెళ్ళినప్పుడు బీచ్ రోడ్డులో వుడా పార్కు రింక్ దగ్గర మా తమ్ముడి కూతురిని చూస్తూ గంటసేపు కూర్చున్నాను. తలకి హెల్మెట్, మోచేతులకి, మోకాళ్ళకి ప్యాడ్లు. అయిదారేళ్ళ పిల్లలు కూడా కోచ్ చెయ్యెత్తితే ఆగిపోతున్నారు. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్య పతకాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. చక్రాలంటే నాకు భయమూ లేదు, చిన్నచూపూ లేదు. పిల్లలకి అవి కావాలి. అలా గాలిలో తేలినట్టు పోవడంలో ఉన్న సంతోషం ఇంకెందులోనూ దొరకదు. దానికో చోటు ఉండాలి.

క్రూయిజ్ కంపెనీలకి ఈ సంగతి తెలుసు. 1999లో వచ్చిన వాయేజర్ ఆఫ్ ద సీస్ అనే ఓడలో ఏకంగా మంచు మీద స్కేటింగ్ చేసే రింక్ పెట్టారు. 2014లో వచ్చిన క్వాంటమ్ ఆఫ్ ద సీస్‌లో సీప్లెక్స్ అనే పెద్ద హాల్లో వేళల ప్రకారం బంపర్ కార్లు, రోలర్ స్కేటింగ్ నడుస్తాయి. నడి సముద్రంలో అంత జాగా కేటాయించి, గోడ కట్టి, చక్రాలు వాళ్ళే ఇస్తున్నారు. ఆ హాలు దాటి నడవాలోకి వచ్చే చక్రాన్ని మాత్రం వద్దంటున్నారు. వాళ్ళని పిల్లల సరదా చెడగొట్టేవాళ్ళు అనడం అన్యాయం.

ఇక దెబ్బల సంగతి. 2006 వేసవి సెలవుల్లో ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో ఒక పిల్లల ఆసుపత్రి డాక్టర్లు 10 వారాల పాటు లెక్క రాశారు. ఆ ఒక్క ఆసుపత్రికే చక్రాల బూట్ల వల్ల ఎముకల దెబ్బలతో 67 మంది పిల్లలు వచ్చారు. ఎక్కువగా విరిగింది మణికట్టు దగ్గరి ఎముక. సగానికి పైగా పిల్లలు తొలిసారి వేసుకున్నప్పుడో, ఇంకా నేర్చుకుంటూ ఉన్నప్పుడో పడ్డారు. ఆ వివరాలు 2007లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా సంఘం 2006లో వీటి వల్ల సుమారు 1600 మంది అత్యవసర విభాగాలకి వచ్చారని అంచనా వేసింది. అమెరికా ఎముకల డాక్టర్ల సంఘం హెల్మెట్, మణికట్టు గార్డులు, మోచేతి మోకాలి ప్యాడ్లు వేసుకోమని చెప్పింది. స్కూలుకో మాల్‌కో బూట్లుగా వేసుకుపోయే వస్తువుకి ఆ సరంజామా అంతా ఎవరు తగిలిస్తారు? మేము తగిలించలేదు. మాకు తెలిసిన ఎవరి పిల్లలకీ తగిలించగా చూడలేదు.

ఆ పెద్దావిడకి మణికట్టు విరిగిన తీరునే డాక్టర్లు కోలిస్ ఫ్రాక్చర్ అంటారు. ఏబ్రహాం కోలిస్ అనే సర్జన్ 1814లో దాని గురించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రేలు లేవు, చేత్తో తడిమి, చూసి రాశాడు. ఆయన పనిచేసిందీ డబ్లిన్‌లోనే. చెయ్యి చాచి నేలకి ఆనిస్తూ పడినప్పుడు ఇలా విరుగుతుంది. వయసు పైబడి ఎముక గుల్లబారిన ఆడవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. మా అమ్మకీ ఎముకలు బలహీనంగా ఉన్నాయని వైజాగ్‌లో డాక్టర్ చెప్పారు, మాత్రలు వాడుతోంది. పిల్లాడి మణికట్టు విరిగితే ఆరు వారాల్లో అతుక్కుంటుంది, మళ్ళీ ఆడతాడు. డెబ్భై దాటిన మనిషికి దెబ్బ మణికట్టు దగ్గర ఆగితే అదృష్టం అనుకోవాలి. పక్కకి పడి తుంటి విరిగితే ఆపరేషన్ కావాలి, కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరు ఆ తర్వాత ఎవరి తోడూ లేకుండా నడవనే నడవరు. నడి సముద్రంలో ఆ ఆపరేషన్ చేసేవాళ్ళు ఉండరు.

బాస్కెట్‌బాల్‌లో, సైకిల్ మీద ఇంతకంటే ఎక్కువమంది పిల్లలకి దెబ్బలు తగులుతాయని ఈ బూట్లని సమర్థించేవాళ్ళు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. అయి ఉండొచ్చు. బాస్కెట్‌బాల్ ఆడేవాడికి కోర్టు గీతలు ఉన్నాయి. ఆ గీతల లోపల నిలబడినవాళ్ళందరూ ఆటకి ఒప్పుకున్నవాళ్ళే. భర్తని ఫొటో తీస్తున్న ఆవిడ ఏ ఆటకీ ఒప్పుకోలేదు. నా బిడ్డ సరదాకి వాడు దెబ్బ తింటే అది మా ఇంటి కష్టం. ఇంకొకరి ఎముకని పణంగా పెట్టే హక్కు నాకెవరిచ్చారు? ఎంత తిప్పి చూసినా ఈ ప్రశ్నకి నాకు జవాబు దొరకలేదు.

మావాడికి బాగా వచ్చు అనే మాట ఒకటి. నేనూ అన్నాను, అందుకే దీని మీద గట్టిగా చెబుతున్నాను. ఖాళీ సైడ్‌వాక్ మీద వచ్చిన నేర్పు జనంలో పనికిరాదు. పిల్లాడి తూకం వాడి చేతిలో ఉంటుంది కాని ఎదుటివాళ్ళ అడుగు వాడి చేతిలో ఉండదు. పెద్దవాళ్ళు ఉన్నట్టుండి ఆగుతారు, వెనక్కి తిరుగుతారు, చేతికర్ర పక్కకి చాపుతారు, వెనక నుంచి వచ్చే చప్పుడు వినబడదు. క్రూయిజ్‌లో అలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. జీవితమంతా పనిచేసి, మోకాళ్ళు అరిగాక కూడా నాలుగు ఊళ్ళు చూడొచ్చని ఓడని ఎంచుకుంటారు. మనం కూడా అమ్మానాన్నల్ని ఇండియా నుంచి రప్పించి ఓడ ఎక్కించేది ఇందుకే కదా, ఎక్కువ నడిపించకుండా సముద్రం చూపించొచ్చని.

అమ్మ అన్న మాట దగ్గరికి వస్తాను. ఓడకి నీళ్ళలో రెండు పక్కలా రెక్కలు ఉంటాయి, స్టెబిలైజర్లు అంటారు. ఓడ పక్కకి ఊగడాన్ని అవి బాగా తగ్గిస్తాయి, పూర్తిగా ఆపలేవు. ఓడ వేగంగా పోతున్నప్పుడే అవి బాగా పనిచేస్తాయి, నెమ్మదిస్తే పట్టు తగ్గుతుంది. కాళ్ళ మీద నిలబడిన మనిషి ఆ కాస్త ఊపుకి తెలియకుండానే సర్దుకుంటాడు. చక్రం సర్దుకోదు. నేల ఎటు వాలితే అటు దొర్లుతుంది. ఇంటి ముందు చదునైన సిమెంటు మీద నేర్చుకున్న పిల్లాడికి తన కింద నేల వాలు మారుతుందని ఎవరు చెబుతారు? డెక్ మీదికి తీసుకెళ్ళే తలుపుల దగ్గర నీళ్ళు లోపలికి రాకుండా ఎత్తు గడపలు ఉంటాయి, వాటికి చక్రం తట్టుకుంటే బోర్లా పడతారు. నాన్న ఉండి ఉంటే ఇవన్నీ నాకు ఆ రోజే చెప్పేవారు.

మన దగ్గర కూడా ఓడ ప్రయాణాలు పెరుగుతున్నాయి. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి విశాఖకి వచ్చినప్పుడు తమ్ముడు ఫొటోలు పంపాడు. 2023 సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. నాన్న పనిచేసిన పోర్టులో కుటుంబాలు సూట్‌కేసులతో ఓడ ఎక్కుతాయంటే సంతోషంగా ఉంది. అదే సమయంలో లైట్ల రోలర్ షూస్ ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనగలిగే ధరకి వస్తున్నాయి. హైదరాబాద్ మాల్స్‌లో, ఫంక్షన్ హాళ్ళలో అద్దంలా మెరిసే గ్రానైట్ నేల మీద పట్టుచీరల మధ్యలోంచి పిల్లలు జారుతూ పోవడం నేను కళ్ళారా చూశాను. పోయిన పెళ్ళిలో అందరం చూసి నవ్వుకున్నాం. పక్కనే వడ్డించేవాళ్ళు సాంబారు బకెట్లు మోసుకుపోతున్నారు.

ఓడ కంపెనీల వైపు కూడా లోపం ఉంది. నియమం రాశారు, బాగుంది. దాన్ని ఎవరూ చదవని కాగితాల అడుగున పెట్టారు. సూట్‌కేసులన్నీ ఎక్స్‌రే యంత్రంలోంచి వెళతాయి. ఇస్త్రీపెట్టె ఉంటే పట్టుకుని పక్కన పెడతారు, మామూలు బూటులా కనిపించే ఈ బూటు మాత్రం దాటిపోతుంది. అందుకే ఓడ ఎక్కే దారిలో, పిల్లల కళ్ళకి అందే ఎత్తులో, చక్రాల బూటు బొమ్మ మీద అడ్డగీత కొట్టి ఒక పెద్ద బోర్డు పెట్టాలి. కిడ్స్ క్లబ్‌లో పేరు రాసుకునేటప్పుడు ఒక్క మాట అడగాలి, మీ బూట్లకి చక్రాలున్నాయా అని. ఉంటే అక్కడే తీయించొచ్చు. చాలా బూట్లకి చక్రం ఊడదీసే చిన్న పనిముట్టు, ఖాళీ గుంతలో పెట్టడానికి ప్లగ్గులు డబ్బాలోనే వస్తాయి. అయిదు నిమిషాల పని. మా డబ్బాలో కూడా ఉన్నాయి. కవరు కూడా చింపకుండా గరాజ్‌లో పడేశాను.

బూట్లు కొనడం తప్పని నేను అనడం లేదు. ఇంటి ముందు, పార్కులో, హెల్మెట్ పెట్టుకుని, పెద్దవాళ్ళు ఒకరు పక్కన ఉండగా జారనివ్వండి. మాల్‌కి, ఎయిర్‌పోర్టుకి, ఫంక్షన్ హాల్‌కి, ఓడకి వెళ్ళేముందు చక్రాలు తీసి ఇంట్లో పెట్టండి. పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి. పిల్లాడికి రెండు నిమిషాల ఏడుపు ఒకవైపు, జీవితాంతం గుర్తుండిపోయే ఆ చప్పుడు ఒకవైపు. ఎముక విరిగిన చప్పుడు మావాడు విన్నాడు. ఆ సంగతి వాడు నాకు చెప్పింది మార్చిలో, ఒక రాత్రి నిద్రపోయే ముందు.

ఆవిడకి మేము రెండుసార్లు ఫోన్ చేశాం. చెయ్యి అతుక్కుంది కాని గుప్పిట పూర్తిగా ముడవడం లేదని, ఫిజియోథెరపీకి వెళుతోందని చెప్పింది. ఉంగరం అతికించి ఇచ్చారట. వేలు ఇంకా లావుగా ఉందని గొలుసులో వేసుకుని మెడలో పెట్టుకుందట. అమ్మ విశాఖ వెళ్ళిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ గురించి అడుగుతుంది.

మావాడికి ఆ బూట్లు ఇప్పుడు బిగుతైపోయాయి. పక్కింటి తెలుగువాళ్ళ అబ్బాయికి ఏడేళ్ళు, సరిగ్గా సరిపోతాయి. ఎప్పటినుంచో అడుగుతున్నాడు. పారేద్దామా అని చాలా రోజులు ఆలోచించాను. పోయిన శనివారం గరాజ్‌లో ఆ కవరు వెతికి చింపి, చక్రాలు ఊడదీసి, ప్లగ్గులు బిగించాను. మావాడు పక్కన కూర్చుని చూశాడు. బూట్లు ఆ అబ్బాయి చేతికి ఇచ్చాను. చక్రాలు వేరే కవర్లో పెట్టి వాళ్ళమ్మ చేతికి ఇచ్చి, వాళ్ళ వంటింట్లోనే కూర్చుని జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. ఆవిడ ఆ కవరుని పై అరలో, డబ్బాల వెనక పెట్టింది. జూన్ రెండో వారంలో వాళ్ళు గాల్వెస్టన్ వెళుతున్నారు.